పొదుగేది మేడం?

ముందే చెప్పేస్తున్నా, ఆ మెసేజ్ ఫార్వర్డ్ చేసినవాళ్ళలో నేనూ ఉన్నాను.

2025 ఫిబ్రవరిలో మీ ఫోన్‌కి కూడా వచ్చే ఉంటుంది. మన ఒంగోలు ఆవు బ్రెజిల్‌లో 41 కోట్లకు అమ్ముడుపోయిందని, తెలుగువాళ్ళుగా గర్వపడేవాళ్ళంతా షేర్ చెయ్యాలని, కింద కడిగిన ముత్యంలా తెల్లగా మెరిసిపోతున్న పశువు ఫోటో ఒకటి. నేను సోషల్ టీచర్ని, పుట్టింది పామూరు వైపు, పనిచేసేది కందుకూరు దగ్గర ఒక జడ్పీ హైస్కూల్లో, ఒంగోలు గిత్త అంటే మాకు ఇంట్లో మనిషి లెక్క. పొద్దున బస్సులో కూర్చుని ఆ మెసేజ్ చూడగానే ఒళ్ళు పులకరించి స్టాఫ్ గ్రూపులో వేసేశా, ఇంటివాళ్ళ గ్రూపులోనూ వేశా, అంతటితో ఆగకుండా రెండో పీరియడ్‌లో ఎనిమిదో తరగతికి వెళ్ళి గోడకున్న పెద్ద ప్యానెల్ మీద ఆ ఫోటో పెట్టి "చూశారా మన గొప్పతనం" అని మొదలుపెట్టా.

పిల్లలు చప్పట్లు కొట్టారు. వెనక బెంచీలో ఇద్దరు మాత్రం ఒకళ్ళనొకళ్ళు గిల్లుకుంటూ నవ్వుతున్నారు. ఏందిరా అంటే చెప్పరు. ఇంకాస్త గట్టిగా అడిగితే ఒకడు లేచి నిలబడి నేల చూపులు చూస్తున్నాడు గానీ నోరు తెరవడు. చివరికి ముందు వరసలో కూర్చునే అమ్మాయి, వాళ్ళింట్లో నాలుగు బర్రెలు, రెండు ఆవులు ఉన్నాయి, రోజూ పాలు పితికి బడికొచ్చే పిల్ల, తల కూడా ఎత్తకుండా అడిగింది: "ఆవంటున్నారుగదా, మరి పొదుగేది మేడం?"

క్లాసంతా ఒక్కసారి ప్యానెల్ వైపు చూసింది. నేనూ చూశా. మూపురం కొండలా ఉంది, గంగడోలు మోకాళ్ళ దాకా వేలాడుతోంది, పొదుగు మాత్రం లేదు. అది ఆంబోతు. ఆ ఫోటో నేను పొద్దుటి నుంచి పదిసార్లు చూసి ఉంటాను, ముగ్గురు స్టాఫ్ లైకులు కూడా కొట్టారు, పశువుల మధ్య పుట్టి పెరిగిన దాన్ని, నా కంటికి ఆనలేదు. ఎందుకంటే నేను చూసింది ఫోటోని కాదు, 41 కోట్లని.

నేను చెప్పాలనుకున్న అనుభవం నిజానికి ఇక్కడ మొదలవుతుంది. అంతకుముందు రెండేళ్ళుగా పిల్లలకి సమాచారం వెతకడం, వెతికినదాన్ని తూచడం నేర్పాలని నేను పడ్డ పాట్లు మామూలువి కావు. ఎక్కడో దొరికిన చెక్‌లిస్టు ఒకటి తెలుగులోకి మార్చి జిరాక్స్ తీయించి పంచాను. తేదీ ఉందా, రాసినవాళ్ళ పేరుందా, అచ్చుతప్పులున్నాయా, చూడటానికి పద్ధతిగా ఉందా, ఇట్లా పన్నెండు ప్రశ్నలు. పిల్లలు శ్రద్ధగా అన్నిటికీ టిక్కులు కొట్టి ఇచ్చారు. దేనికిచ్చినా పన్నెండుకి పది, పదకొండు మార్కులే వస్తున్నాయి, దొంగ ఉద్యోగ ప్రకటనకి కూడా. వస్తాయి మరి, మోసం చేసేవాడు తేదీ వెయ్యడం మర్చిపోతాడా, వాడి పేజీయే అందరికంటే పద్ధతిగా ఉంటుంది.

ఇంకోసారి జిల్లా ఎడిషన్ పేపర్ తెచ్చి అందులో ఏది వార్తో ఏది ప్రకటనో విడదీయమన్నా. ఒక కాలేజీ గురించి అరపేజీ ఉంది, ఫోటో, హెడ్డింగు, ప్రిన్సిపాల్ మాటలు, అంతా వార్తలాగే, పైన మూలకి మాత్రం చీమ తలకాయంత అక్షరాల్లో "ప్రకటన" అని ఉంది. 38 మందిలో 31 మంది దాన్ని వార్త కింద రాశారు. నాకు దిగులేసింది గానీ, తర్వాత చదివితే తెలిసింది, 2016లో అమెరికాలో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ వాళ్ళు ఇదే వయసు పిల్లలకి దాదాపు ఇట్లాంటి పరీక్షే పెడితే, డబ్బిచ్చి వేయించుకున్నదని పైన రాసి ఉన్నా 80 శాతం పైగా దాన్ని నిజం వార్తే అనుకున్నారట. అంటే మావాళ్ళేమీ వెనకబడిలేరు. (ఇదే పేపర్ స్టాఫ్ రూమ్‌లో పెడితే మా ఫలితం ఎంతొచ్చేదో, పెట్టే ధైర్యం చెయ్యలేదు.)

ఆ స్టాన్‌ఫర్డ్ వాళ్ళ దగ్గర మూడు ప్రశ్నలున్నాయి, నేను వాటిని మా పిల్లల మాటలోకి మార్చి బోర్డు మీద ఒక మూల రాసి చెరపొద్దన్నా. ఎవురు చెప్పారు? ఆయనకెట్లా తెలుసు? ఇంకెవురన్నా చెప్పారా? అంతే. పన్నెండు ప్రశ్నల జిరాక్స్ కట్ట ఇప్పుడు మధ్యాహ్న భోజనం రిజిస్టర్ కింద అట్టముక్కగా పనికొస్తోంది.

సరే, ఆవు దగ్గరికొద్దాం. పొదుగు సంగతి బయటపడ్డాక నాకు రెండే దార్లు కనిపించాయి. నవ్వేసి పాఠంలోకి వెళ్ళిపోవడం ఒకటి, ఫోటో తప్పైతే మిగతా కథ సంగతేందో తేల్చడం రెండోది. సిలబస్ మిగిలి ఉంది, ముందు పరీక్షలున్నాయి, టెన్త్‌కి స్పెషల్ క్లాసులు నడుస్తున్నాయి, అయినా శనివారం నో బ్యాగ్ డే కదా అని ధైర్యం చేసి రెండోదే పట్టుకున్నా. హెచ్చెమ్ గారు కిటికీ దగ్గర ఆగి "ఏంది మేడం, సోషల్లో గొడ్ల పాఠం కూడా పెట్టారా" అన్నారు. ఉందండీ అన్నాను.

మొదట ఐదు జట్లు చేశా. ఒక్కో జట్టుకి ఒక్కో పని. తెలుగులో ఈ వార్త ఎన్నిచోట్ల వచ్చిందో చూసి రేటెంత రాశారో పట్టిక వెయ్యమన్నా. మా నెట్టు సంగతి చెప్పాలా, ఒక పేజీ తెరుచుకునేలోపు ఇంకో పీరియడ్ బెల్లు కొడతారు, నా ఫోన్ హాట్‌స్పాట్ మీదే నడిచింది సగం. పట్టికలో ఒకచోట 35 కోట్లు, ఇంకోచోట 40, ఇంకోచోట 41. కొన్నిచోట్ల "అమ్ముడుపోయింది", కొన్నిచోట్ల "విలువ". ఈ రెండు మాటలకీ తేడా ఉందని నేను చెప్పలేదు, పొలం గొడవలున్న ఇంటి పిల్లాడొకడు చెప్పాడు: "మా చేను విలువ 40 లక్షలంటారు మేడం, అమ్మితేగా."

అప్పుడే ఒక జట్టు ఇంకో సంగతి పట్టుకుంది. వాళ్ళు చూసిన తొమ్మిది పేజీల్లో ఆరింటిలో ఒకే వాక్యం, కామాతో సహా, పైగా "మూపురం" అనే మాటని ఆరుచోట్లా "ముపూరం" అనే రాశారు. ఆరుగురికీ ఒకే చోట చెయ్యి జారుతుందా? "పరీక్షలో మేం రాస్తే మీరు పట్టుకునేది ఇట్లాగే గదా మేడం" అన్నారు. వాళ్ళకి కాపీ కొట్టడం ఎట్లా ఉంటుందో నాకంటే బాగా తెలుసు. ఆ రోజు నుంచి మా క్లాసులో ఒక లెక్క స్థిరపడింది, ఒకే పేపర్ చూసి కాపీ కొట్టినవాళ్ళు ఆరుగురైనా అరవైమందైనా సాక్షి ఒక్కడే.

పై శనివారం ఇంగ్లీషులో వెతికాం. ఆవు పేరు దొరికింది, వయాటినా-19. జాతి పేరు దగ్గర "నెలోర్" అని ఉంది. క్లాసులో కేకలు. నెల్లూరా? ఒంగోలన్నారుగా? ఆ సంగతి తర్వాత చూద్దామని ఆపి, ముందు రేటు తేల్చమన్నా. ఇక్కడ పిల్లలు చేసిన పని నేను చెప్పింది కాదు. ఒక అబ్బాయి, లెక్కల్లో మొద్దు అని లెక్కల సారు రోజూ తిట్టే అబ్బాయే, "ఆవు బ్రెజిల్‌ది గదా, మరి వాళ్ళ పేపర్లో ఏం రాసుంటారో చూద్దాం, పెళ్ళి ఎవరింట్లోనో వాళ్ళనే గదా అడగాలి" అన్నాడు. బ్రెజిల్లో మాట్లాడేది పోర్చుగీసు. ఆవుని వాళ్ళ భాషలో "వాకా" అంటారని తెలిసి అరగంట సేపు ఒకళ్ళనొకళ్ళు వాకా, వాకా అని పిలుచుకున్నారు, ఆ అరగంట పోయిందనే లెక్క.

అనువాదం చేసే యాప్‌లో పోర్చుగీసు ముక్కల్ని వేస్తూ పోయాం. ఒక మాట దగ్గర అందరం ఆగిపోయాం. "తెర్సో" అట. ఆ ఒక్క మాటే టైపు చేస్తే "జపమాల" అని వచ్చింది. 41 కోట్ల ఆవుకి జపమాలేంది? ఎవరో "పూజ చేసి అమ్మారేమో మేడం" అన్నారు కూడా. మాటకి ముందూ వెనకా ఉన్న వాక్యం మొత్తం వెయ్యమంటే అప్పుడొచ్చింది అసలు సంగతి: మూడో వంతు. ఆ మాటకి ఆ భాషలో రెండర్థాలూ ఉన్నాయి. ఒక్క ముక్కని కోసుకొచ్చి చూస్తే ఎంత తేడా వస్తుందో చెప్పడానికి నేను వారం రోజులు ఆలోచించినా ఇంత మంచి ఉదాహరణ తట్టేది కాదు.

విషయం ఏందంటే, 2023లో జరిగిన వేలంలో ఆ ఆవులో మూడో వంతు వాటా మాత్రమే అమ్మారు. దానికి పలికింది వాళ్ళ డబ్బుల్లో దాదాపు 70 లక్షల రియాల్‌లు, డాలర్లలో 14 లక్షల చిల్లర. దాన్ని మూడుతో గుణించి మొత్తం ఆవు విలువ 43 లక్షల డాలర్ల పైచిలుకు అన్నారు. గిన్నిస్ వాళ్ళ రికార్డు కూడా ఈ లెక్క మీదే. డాలరు 82 రూపాయలు వేసుకుంటే 35 కోట్లు. తర్వాత ఎక్కడో 48 లక్షల డాలర్లని రాశారు, కొత్త రేటుతో గుణించారు, 40 అయింది, 41 అయింది. బోర్డు మీద లెక్క వేసింది ఆ లెక్కల మొద్దే. చేతులు మారిన అసలు డబ్బు 12 కోట్ల లోపు. అదీ రెండేళ్ళనాటి కథ. మేం 2025 ఫిబ్రవరిలో నిన్నో మొన్నో జరిగినట్టు పొంగిపోయాం.

అబద్ధం అని రాసెయ్యనా మేడం అని ఒక పాప అడిగింది. ఇక్కడే నేను కాస్త తటపటాయించా. మొత్తం అబద్ధం కాదు. ఆవుంది, వేలం జరిగింది, రికార్డు నిజం, అది మన ఒంగోలు జాతి సంతతే. మెసేజ్‌లో నిజం ఎంత, దానికి ఎవరెవరు ఎంతెంత నీళ్ళు కలిపారు అని రాయమన్నా. పాల ఊరు కదా, నీళ్ళు కలపడం అంటే వెంటనే అర్థమైంది. ఒక పుస్తకంలో అయితే పాలల్లో నీళ్ళు పట్టుకునే లాక్టోమీటర్ బొమ్మ వేసి 35, 40, 41 గీతలు పెట్టారు.

వాటా అంటే వాళ్ళకి కొంచెం తికమక. ఆవులో మూడో వంతు ఎట్లా కొంటారు, తలకాయ భాగమా తోక భాగమా అని ఒకటే నవ్వులు. అందుకని మా మండలంలో పశువుల డాక్టర్ గారిని బతిమాలి ఒక గంట పిలిపించా. ఆయన వచ్చి ఆ ఆవు పూర్తి పేరులో "ఎఫ్ఐవీ" అనే మూడక్షరాలు చూపించి, అది గాజు పాత్రలో పిండం కట్టించి పుట్టించిన ఆవని, వాళ్ళ భాషలో టెస్ట్‌ట్యూబ్ పద్ధతికి అది పొట్టి పేరని చెప్పారు. దాని అండాలు తీసి, పిండాలు తయారు చేసి, మామూలు ఆవుల కడుపులో పెంచుతారట. వాటా కొన్నవాడికి వచ్చేది ఆ పిండాల మీద హక్కు. "అర్థమైంది సార్, మూడిళ్ళకి ఒక బోరు, వంతులవారీగా నీళ్ళు" అన్నాడు ఒకడు. డాక్టర్ గారు ఒక్క క్షణం ఆగి, ఈ పోలిక నేను వాడుకుంటానురా అన్నారు.

ఆయన్నే ఇంకో పిల్ల అడిగింది, బ్రెజిల్లో అన్ని ఆవులు దేనికి సార్, పాలకా అని. ఆయన నా వైపు చూశారు. నేను చెప్పమన్నా. మాంసానికమ్మా అన్నారు. అక్కడి మాంసపు పశువుల్లో అత్యధికం ఈ నెలోర్‌వే. క్లాసు చల్లబడిపోయింది. మెసేజ్‌లో బ్రెజిల్ వాళ్ళు మన ఆవుని దేవతలా చూసుకుంటున్నారని కూడా ఒక ముక్క ఉంది, పిల్లలకి అదే బాగా పట్టింది. పాలు పితికే పిల్ల ఏమీ మాట్లాడలేదు, పుస్తకంలో రాసుకుంది, అంతే. వెతకమన్నది నేనే, దొరికింది నచ్చకపోతే పక్కకి పెట్టమని ఎట్లా చెప్పను? కానీ ఆ రోజు ఇంటికెళ్తూ కొంచెం బెంగపడ్డా, రేపు ఎవరన్నా అమ్మానాన్న వచ్చి ఇవన్నీ ఎందుకు చెప్తున్నారని అడుగుతారేమో అని. ఎవరూ రాలేదు దాని గురించి. వేరేదాని గురించి వచ్చారు, చెప్తా.

నెల్లూరు పేరు సంగతి మాత్రం బలే కుదిరింది. ఒంగోలు గిత్తలు 1860ల్లోనే ఓడల్లో బ్రెజిల్ చేరాయి. అప్పటికి ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలోది, 1904లో గుంటూరు జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్ళింది. కాబట్టి అక్కడ పశువుకి జిల్లా పేరు అంటుకుంది, ఇక్కడ ఊరి పేరు ఉండిపోయింది. ఇది చదవగానే ఒకడు "మనలాగేనే" అన్నాడు. నిజమే, మా కందుకూరు 1970 దాకా నెల్లూరు జిల్లా, ఆ ఏడు ఫిబ్రవరి 2 నుంచి కొత్తగా ఏర్పడిన ఒంగోలు జిల్లా, 1972లో దానికే ప్రకాశం జిల్లా అని పేరు పెట్టారు, 2022 ఏప్రిల్ 4 నుంచి 2025 చివరి దాకా మళ్ళీ నెల్లూరు, ఆ తర్వాత మళ్ళీ ప్రకాశం. మనిషి కదల్లేదు, అడ్రసు తిరుగుతోంది. వాళ్ళ అక్కల సర్టిఫికెట్లలో ప్రకాశం, వీళ్ళవాటిలో నెల్లూరు, ఒకే ఇల్లు. మరి రెండు కాగితాల్లో ఏది తప్పు? ఏదీ తప్పు కాదు, ఎప్పుడు రాసిందో చూడాలి. శ్రీహరికోట నెల్లూరు జిల్లాలో ఉందని పాత జీకే పుస్తకంలో ఉంటుంది, 2022 తర్వాతి పుస్తకంలో తిరుపతి జిల్లా అని ఉంటుంది, మార్కులు మాత్రం ఒకదానికే.

ఇంకో చిన్న ముక్క. బ్రెజిల్ వాళ్ళ పాతకాలపు పేరుమోసిన ఆంబోతుల్లో ఒకదాని పేరు కర్వాది. 1960ల మొదట్లో ఇక్కణ్ణుంచి తీసుకెళ్ళినది. ఒంగోలు పక్కనున్న కరవది ఊరి పేరే అది. మా క్లాసులో ఒకమ్మాయి మేనత్తది కరవది. ఆ పిల్ల ఆ రోజంతా అదేదో వాళ్ళింటి గిత్త అయినట్టు తిరిగింది.

ఏడో తరగతి వాళ్ళకి కుళ్ళు పుట్టింది, మాకూ ఏదైనా ఇవ్వండి అని. వాళ్ళకి పొట్టి శ్రీరాములు గారి దీక్ష ఇచ్చా. అప్పటికి మా జిల్లా పేరే ఆయన పేరు, పూర్వీకులది కనిగిరి ప్రాంతం, ప్రతి సంవత్సరం దండలు వేస్తాం, ఎన్ని రోజులు దీక్ష చేశారంటే మాత్రం ఒకచోట 56, ఇంకోచోట 58. ఫోన్‌లో ఏఐని అడిగొచ్చిన ఒకడికి పొద్దున 56, సాయంత్రం 58 చెప్పిందట. ఏది ఎక్కువచోట్ల ఉంటే అది రాద్దాం అన్నారు సగంమంది, ఓట్లేసినట్టు. అప్పుడు ఒక బక్క పిల్ల క్యాలెండర్ అడిగింది. దీక్ష మొదలుపెట్టింది 1952 అక్టోబర్ 19, మద్రాసులో బులుసు సాంబమూర్తి గారింట్లో. చనిపోయింది డిసెంబర్ 15 రాత్రి. ఈ రెండు తేదీల దగ్గర ఎవరికీ పేచీ లేదు. వేళ్ళు మడుస్తూ లెక్కపెట్టింది, అక్టోబర్లో 13, నవంబర్ 30, డిసెంబర్ 15, మొత్తం 58. మొదటి రోజు వదిలేస్తే 57. మొదటి రోజూ చివరి రోజూ రెండూ వదిలేస్తేనే 56 మేడం అంది. ఇన్నేళ్ళుగా డిసెంబర్ 15న మైకు పట్టుకుని నేను చెప్పింది 56. ఒక్కసారి కూడా వేళ్ళు మడవలేదు.

అన్నీ ఇట్లా బాగా జరిగాయనుకోకండి. కంభం చెరువు జట్టు మధ్యలో జారిపోయింది. "ఆసియాలో రెండో పెద్ద చెరువు" అని రాసుకొచ్చారు, మరి మొదటిదేదిరా అంటే ఎవరి దగ్గరా లేదు, దేన్నిబట్టి రెండోది, వెడల్పా లోతా అంటే అదీ లేదు, రెండు వారాలు తిరిగి తిరిగి విసుగుపుట్టి చెరువు బొమ్మ వేసిచ్చారు. బొమ్మ బాగుంది. ఇంకో జట్టు ప్రతిదానికీ "ఫేక్" అనడం మొదలుపెట్టింది, సైన్స్ సారు కిరణజన్య సంయోగక్రియ చెప్తుంటే కూడా ఒకడు లేచి ఫేక్ అన్నాడట. సారు చెవి మెలేసి నా దగ్గరికి పంపారు. ఈ జబ్బు నిజంగా మొదటి జబ్బుకంటే కష్టం, గుడ్డిగా నమ్మేవాడికి ఒక పొదుగు చూపిస్తే ఆగుతాడు, దేన్నీ నమ్మనివాడికి ఏం చూపించాలి. వాడికి నేను పెట్టిన షరతు ఒకటే, కాదు అన్నావంటే ఎందుక్కాదో మూడు ప్రశ్నలకి నువ్వే జవాబు తేవాలి. రెండుసార్లు లైబ్రరీ చుట్టూ తిరిగాక నోరు కాస్త కట్టుబడింది.

ఇక ఇంటినుంచి వచ్చిన ఫిర్యాదు. మార్చిలో ఒక పెద్దాయన కండువా భుజాన వేసుకుని నేరుగా క్లాసుకే వచ్చాడు. "అమ్మా, బళ్ళో మీరేం చెప్తన్నారో గానీ, మా మనవడు నేనేం చెప్పినా నీకెట్లా తెలుసు తాతా అంటన్నాడు. డెబ్భై ఏళ్ళొచ్చినయ్ నాకు, ఈడు నన్ను సాక్ష్యం అడుగుతాడా?" మనవడు, మొదటి రోజు నవ్విన వెనక బెంచీవాడే, బల్ల కిందకి దూరిపోతున్నాడు.

కుర్చీ వేయించి కూర్చోబెట్టా. ఏం చెప్పారు పెద్దాయనా అంటే, ఎన్టీ రామారావు గెలిచిన ఏడు నేను గిత్తల జతని పన్నెండు వేలకి అమ్మా, ఆ ఏడే వీళ్ళ నాన్న పుట్టాడు, ఆ డబ్బుతోనే పురుడు పోశాం అని చెప్పాడట. మనవడు వాళ్ళ నాన్న ఆధార్ కార్డు తీసి చూశాడు. 1985 జూన్ 10 అని ఉంది. రామారావు గెలిచింది 1983 జనవరిలో గదా, నువ్వు తప్పు తాతా అన్నాడు. అదీ గొడవ.

క్లాసు ఊరుకోలేదు. రామారావు 1985లో కూడా గెలిచాడు, ఆ మార్చిలో మళ్ళీ ఎన్నికలు జరిగాయి గదా అని ఇంకొకడు లేచాడు. అయితే తాత కరెక్టే, ఆధారూ కరెక్టే. మనవడు బల్ల కిందనుంచి పైకొచ్చాడు. అంతా సర్దుకుంది అనుకున్నా.

"ఎనభై అయిదేంది?" అన్నాడు పెద్దాయన. "మొదటిసారి గెలిచినప్పుడే. సంక్రాంతి ముందు గెలిచాడు, సంక్రాంతి పోయినాక పది రోజులకి ఈడు పుట్టాడు. ఆ జూన్ తేదీ బళ్ళో వేసేటప్పుడు మీ అయ్యవారు వేసింది. వయసు ఎక్కువుందని రెండేళ్ళు తగ్గించి, బడి తెరిచే నెల వేసి, ఏలిముద్ర పెట్టమన్నాడు, పెట్టా."

పిల్లలు నా వైపు చూశారు. ప్రభుత్వం కాగితం, ఫోటో, ముద్ర, పన్నెండంకెల నంబరు, నా పాత చెక్‌లిస్టులో అయితే పన్నెండుకి పన్నెండు. ఎదురుగా ఏలిముద్ర వేసిన మనిషి. మూల రాసిన మూడు ప్రశ్నలని పాలు పితికే పిల్ల గట్టిగా చదివింది. ఎవురు చెప్పారు? ఆధార్‌కి చెప్పింది బడి సర్టిఫికెట్టు. దానికెట్లా తెలుసు? అయ్యవారు అంచనాగా వేశాడు. తాతకెట్లా తెలుసు? ఆయన కొడుకు, ఆయన గిత్తలు. ఇంకెవురన్నా చెప్పారా? మనవడు లేచి "మా నాయనమ్మ ఉంది, అడిగొస్తా" అని పరిగెత్తబోతే పెద్దాయన మొదటిసారి నవ్వాడు.

ఆ తర్వాత ఆయన ఒక గంట కూర్చున్నాడు. గిత్తల పళ్ళు చూసి వయసు ఎట్లా చెప్పేవాళ్ళో, సంతలో తువ్వాల కింద వేళ్ళు పట్టుకుని రేటు ఎట్లా మాట్లాడుకునేవాళ్ళో చెప్పాడు. పిల్లలు నోట్సు రాసుకుంటుంటే "ఇదంతా రాస్తారా" అని రెండుసార్లు అడిగాడు, కండువా సర్దుకుని కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

ఈలోపల ఒక గడుసుపిల్ల అడగనే అడిగింది. "మేడం, మీ పుట్టినరోజు జూన్ 1 గదా, పోయినేడు కేక్ కోశాం. మీక్కూడా అయ్యవారే వేశాడా?"

నాకు నవ్వూ ఆగలేదు, ముఖమూ ఎర్రబడింది. నాదే కాదు, మా స్టాఫ్‌లో నలుగురు జూన్ 1న పుట్టాం. ఉద్యోగం, పీఎఫ్, రిటైర్‌మెంటు అన్నీ దానిమీదే. మా అమ్మని ఎప్పుడడిగినా చెప్పేది రెండే రెండు ముక్కలు, శ్రావణ శుక్రవారం పూట పుట్టావని, ఆ వారంలోనే మా ఊరికి మొదటిసారి కరెంటొచ్చిందని.

చెప్పి ఊరుకున్నా. ఇప్పుడు వేసవి సెలవులు. నిన్న రాత్రి లెక్కల మొద్దు ఫోన్ చేశాడు. పాత పంచాంగాలు ఎవరింట్లోనో అటక మీద దొరికాయట, శ్రావణ శుక్రవారాలన్నీ రాసి పెట్టాడట. "ఏ సంవత్సరమో తేలాలి మేడం. ఊరికి కరెంటు ఎప్పుడిచ్చారో కరెంటాఫీసులో రాసుంటారా? మా బాబాయి లైన్‌మన్, అడగమంటారా?"

అడగరా అన్నాను.